పటాలపు వంటశాలలో నవ్వు

గరిటె పట్టిన పురుషుని జూచినచో మనకు నవ్వు వచ్చును. గరిటె పట్టిన స్త్రీని జూచినచో నవ్వు రాదు. చేయి వేఱు గాని పని యొక్కటియే. అట్లయిన నా నవ్వు దేనిని బట్టి పుట్టినది? పనిని బట్టియా? చేయువానిని బట్టియా? లేక, ఈ పని వీనిది కాదని మన మనస్సులలో నెప్పుడో గీచియుంచిన గీతను బట్టియా? హాస్యరచనలను విమర్శించువారు సాధారణముగా నీ ప్రశ్న వేయరు. నవ్వు వచ్చినదా, రాలేదా యని మాత్రము విచారించి తృప్తి నొందుదురు. నవ్వు వచ్చుట గుణమే. కాని యెవరికి వచ్చినది, ఎవరిపై వచ్చినది యని విచారింపని విమర్శ సగము విమర్శయే.

ఈ విచారణకు యుద్ధకాలపు పటాలములలో వంటపనిని గూర్చి పుట్టిన హాస్యము మిక్కిలి తగిన వస్తువు. ఇండ్లలో స్త్రీలు దినదినమును, ఎవరును చూడకుండ, ఎవరును మెచ్చకుండ చేయుచున్న పనిని వేలకొలది పురుషులు ఆజ్ఞకు లోబడి, ఒకరి నొకరు చూచుచు చేయవలసివచ్చిన స్థలము పటాలమే. ఉల్లిపాయలు వలుచుట, బంగాళాదుంపలు చెక్కుట, గుండిగలు తోముట, పొయ్యిలోని బూడిద యెత్తుట - ఈ పనులలో ఏ యొక్కటియు స్వభావముచే నవ్వదగినది కాదు. అయినను సిపాయిల నవ్వులలో మంచిపాలు ఈ పనుల చుట్టునే తిరిగినది. ఇది యేల యైనదో తెలిసికొన్నచో పటాలమును గూర్చి కొంతయు, మన యిండ్లను గూర్చి మఱికొంతయు తెలియును.

విశాఖపట్టణమువారికి ఈ విషయము దూరపుది కాదు. 1933లో నౌకాశ్రయము తెఱవబడిన పిమ్మట ఈ యూరు వర్తకమునకే గాక యుద్ధమునకును వాకిలి యయ్యెను. 1942 ఏప్రిలు 6వ తేదీని జపానువారి విమానవాహక నౌక ర్యూజో నుండి లేచిన విమానములు ఈ రేవుపై బాంబులు వేసినవి. జనులు మూటాముల్లె కట్టుకొని పల్లెలదారి పట్టిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరు విడిచి గుంటూరునకు తరలిపోయెను. దాని భవనములను సైన్యము వాడుకొనెను. పాఠములు వినబడిన చోట బూట్ల చప్పుడు వినబడెను. ఆ సంవత్సరములలోనే చదువుకొన్న తెలుగు యువకు లనేకులు సైన్యమునను, నౌకాదళమునను, వైమానికదళమునను చేరిరి. 1925లో ఈ యూరనే పుట్టిన ఆరుద్ర 1943లో వైమానికదళమున చేరి 1947 వఱకు అందు పనిచేసెను. కావున పటాలము తెలుగు సారస్వతపు గుమ్మమునకు వెలుపలిది కాదు.

అప్పటి యువకు లెట్టి యిండ్లనుండి పటాలమునకు పోయిరో తలచికొనవలెను. మంచినీళ్ళ చెంబు చేతి కందింపబడిన యిండ్లు. తిన్న కంచము తీయవలెనన్న తలంపైన రాని యిండ్లు. కొన్ని యిండ్లలో వంటయింటి గడపలోపల మడి, గడప వెలుపల మైల. వండు చేయి యొక కులముది, అంట్లు తోము చేయి యింకొక కులముది, తిను నోరు మాత్రము పురుషునిది ముందు. ఇట్టి యింటినుండి వచ్చినవానిని హవల్దారు తెల్లవాఱుజామున లేపి, మసిపట్టిన గుండిగ ముందు కూర్చుండబెట్టి, చేతికి బూడిదయు పీచును ఇచ్చినచో, అచ్చట నొక పనియే గాక యొక లోకము తలక్రిందులైనది. హాస్యము పుట్టుటకు ఇంతకంటె వేఱు కారణ మక్కఱలేదు.

సైన్యము మాత్రము కులమునకు అతీతమైనదని భ్రమపడరాదు. నాటి భారతసైన్యమున కులమతములను బట్టి కంపెనీలు కూర్చు పద్ధతి యుండెను. వంటశాలలును తదనుగుణముగా వేఱు చేయబడుచుండెను. లంగరులో వండు లాంగ్రీలు, నీరు మోయు భిస్తీలు, ఊడ్చువారు పటాలమున చేరినవారే యైనను యోధులుగా నెన్నబడక అనుచరులుగా నెన్నబడిరి. వారి జీతమును తక్కువ, వారి గౌరవమును తక్కువ. సిపాయికి వంటశాల యొక దినపు పని, లేక యొక దినపు దండన. అనుచరునికి అదియే బ్రతుకు. ఈ భేదమును గుర్తుంచుకొని ఆనాటి హాస్యమును చదువవలెను.

ఏ దేశపు సైన్యమున నడిగినను వినవచ్చు పాత హాస్య మొకటి కలదు. దానిని మన నేలపై నిలిపి చెప్పెదను. క్రొత్తగా చేరినవారు వరుసగా నిలుచుండిరి. హవల్దారు వచ్చి, “మీలో బి.ఏ. ప్యాసైనవాళ్లు ముందుకు రండి” అనెను. రాయసపు పనియో, లెక్కల పనియో దొరకబోవుచున్నదని నలుగురు ఱొమ్ము విఱుచుకొని ముందడుగు వేసిరి. “బాగుంది. మీరు పోయి ఆ బస్తాలో ఉల్లిపాయలు వలవండి. మిగతావాళ్లకు చదువు లేదు గనక, వీళ్లు చేసేది చూసి నేర్చుకోండి” అనెను. ఒక దేశమున ఉల్లిపాయలకు మాఱుగా సిగరెట్టుపీక లెత్తించుట, ఇంకొక దేశమున సంగీతము వచ్చినవారిచే పియానో మోయించుట యుండవచ్చును. వస్తువు మాఱినను కథ యొక్కటియే.

ఈ హాస్యము మంచిదని నా యభిప్రాయము. ఇది ఉల్లిపాయను చూచి నవ్వదు. వలుచువానిని చూచియు నవ్వదు. విఱుచుకొన్న ఱొమ్మును చూచి నవ్వును. మన దేశమున దీని పదును రెండింతలు. ఆనాడు మనలో బి.ఏ. యనగా చదువు మాత్రమే కాదు. చేతిపని నుండి విడుదలపత్రము. ఆ పట్టము చేతికి వచ్చిన పిదప నాగలి ముట్టనక్కఱలేదు, మగ్గము ముట్టనక్కఱలేదు, తన కంచము తాను కడుగనక్కఱలేదు. కులము కొందఱికి పుట్టుకతో నిచ్చిన విడుదలను పట్టము మఱికొందఱికి పరీక్షతో నిచ్చెను. హవల్దారు ఒక్కమాటతో ఆ పత్రమును చింపివేసెను. సంఘసంస్కర్తలు పది యుపన్యాసములలో చెప్పలేని దానిని ఆ మోటువాడు పది మాటలలో చెప్పెను.

అయితే కథ అచ్చటితో ముగియదు. ఆ బి.ఏ. పట్టభద్రుడు సాయంకాలము ఇంటికి జాబు వ్రాయును. అందు “నాకు కండ్లు మండిపోయినవి. అమ్మ ఇన్ని సంవత్సరములు ఈ పని యెట్లు చేసెనో యిప్పుడు తెలిసినది” అని వ్రాసినచో ఆ నవ్వు ఫలించినది. “బి.ఏ. చదివి ఆడుదాని పని చేయవలసివచ్చెను” అని వ్రాసి నవ్వించినచో ఆ నవ్వు మరల పాత గోడనే కట్టినది. రెండు జాబులును నవ్వు పుట్టించును. రెండవదియే యెక్కువ నవ్వు పుట్టించునేమో కూడ. విమర్శకుడు కాపాడవలసినది మొదటిదానిని.

మన పూర్వాలంకారికులు హాస్యమును తూచుటకు కొలతలు ఇచ్చియే యున్నారు. భరతుడు స్మితము మొదలు అతిహసితము వఱకు ఆఱు విధముల నవ్వులు చెప్పి, మొదటి రెండు ఉత్తములకును, నడుమ రెండు మధ్యములకును, కడపటి రెండు అధములకును పంచిపెట్టెను. పెదవి విచ్చీవిచ్చని నవ్వు గొప్పవారిది. కన్నీరు గాఱ, పార్శ్వములు పట్టుకొని నవ్వునది తక్కువవారిది. ఇది నవ్వువాని యంతస్తును బట్టి నవ్వును తూచుట. ఈ తూనిక నేటికి పనికిరాదు. పొయ్యి ప్రక్కన పొట్ట చెక్కలగునట్లు నవ్విన లాంగ్రీ నవ్వు, మెస్సులో అధికారి మీసము చాటున నవ్విన నవ్వుకంటె తక్కువది యెట్లగును? నవ్వునకు గురియైనవా డెవడో చూచి నవ్వును తూచవలెను. తనకంటె పైవానిని, లేక తన్ను తాను గురిగా చేసికొన్న నవ్వు ఉత్తమము. తనతో సమానుని గూర్చినది మధ్యమము. నోరు మెదపలేనివానిని గూర్చినది అధమము. భరతుని పేళ్ళు భరతునివే. పంపకము మాత్రము మార్చుకొందము.

ఈ తూనికతో పరదేశపు గ్రంథములు రెంటిని చూతము. 1942లో అమెరికాలో మేరియన్ హార్‌గ్రోవ్ అను యువ పత్రికారచయిత ‘సీ హియర్, ప్రైవేట్ హార్‌గ్రోవ్’ అను పుస్తకమును ప్రకటించెను. ఫోర్ట్ బ్రాగ్ శిబిరమున తాను పొందిన శిక్షణమును గూర్చి పత్రికకు వ్రాసిన చిన్న రచనల కూర్పు అది. విశేషముగా అమ్ముడుపోయినది. 1944లో చలనచిత్రముగా కూడ వచ్చినది. అతనిని సైన్యము వంటవానిగా శిక్షణ పొందుటకు నియమించెను. అది చాలక చేసిన ప్రతి తప్పునకును వంటశాల చాకిరి తగులుచుండెను. ఆ చాకిరికి అమెరికా సైన్యమున ‘కిచెన్ పోలీస్’ అని పేరు. ఇచ్చట పోలీసనగా దొంగలను పట్టువాడు కాడు. శుభ్రము చేయుట యని ఆ సైన్యపు వాడుకలో నా మాటకు అర్థము. హార్‌గ్రోవ్ తన చేతకానితనమును తానే చెప్పుకొని నవ్వును. సార్జెంటు కేకలు, గిన్నెల గుట్టలు, తరుగని దుంపల రాశి, వీని నడుమ తన్ను తాను నిలుపుకొని నవ్వించును. కావున అది ఉత్తమహాస్యపు తెగలోనిదే. చదువరికి పగ పుట్టదు, అలసట తీఱును. యుద్ధమునకు బిడ్డను పంపిన తల్లికి ధైర్యము కలుగును.

కాని యా వంటశాలకు ఇంకొక తలుపు కలదు. హార్‌గ్రోవ్ ఆ తలుపు తెఱవలేదు. ఆ కాలముననే అమెరికా నౌకాదళమున నల్లజాతివారు చేరదలచినచో, 1942 నడుమ వఱకు, వారికి వంటశాల భోజనశాలల సేవ తప్ప వేఱు శాఖ తెఱచియుండలేదు. డోరీ మిల్లర్ అను నల్లజాతి యువకుడు వెస్ట్ వర్జీనియా యను యుద్ధనౌకలో భోజనశాల పరిచారకుడు. 1941 డిసెంబరు 7వ తేదీని పెర్ల్ హార్బరుపై జపానువారు దాడి చేసినపుడు, తనకు శిక్షణమే యియ్యని విమానవిధ్వంసక తుపాకిని పట్టి పేల్చెను. గాయపడినవారిని మోసెను. 1942లో అతనికి నేవీ క్రాస్ పతకము వచ్చెను. 1943 నవంబరులో లిస్కమ్ బే అను నౌక మునిగినపుడు అతడు మరణించెను. అప్పటికి నతడు వంటశాఖవాడే. హార్‌గ్రోవునకు వంటశాల యొక మెట్టు జాఱిపడుట. మిల్లరునకు అది మెట్లే లేని గోడ. మొదటివాని కథ నవ్వుగా వచ్చినది. రెండవవాని కథ నవ్వుగా రాలేదు. రాజాలదు కూడ. దిగి మరల ఎక్కగలవానికే దిగుట హాస్యమగును.

రెండవ గ్రంథము చెక్ రచయిత యారోస్లావ్ హాషెక్ 1921 మొదలు ప్రకటించి, 1923లో మరణించుటచే ముగింపలేకపోయిన ‘ష్వేయిక్’ నవల. ఇది మొదటి ప్రపంచ యుద్ధమును గూర్చినది. ఇందు బలౌన్ అను సేవకుడు కలడు. కొండంత దేహము, తీఱని యాకలి. తన అధికారికి తెచ్చిన భోజనమును దారిలోనే తినివేయును. అధికారి వానికి విధించిన దండన యేమన, వంటశాల యెదుట కట్టివేసి, తక్కినవారికి మాంసపు కూర పంచుచుండగా చూచునట్లు చేయుట. యురాయిడా అను వంటవాడు వేఱొకడు. పటాలమునకు రాకముందు అతీంద్రియవిద్యల పత్రిక నడిపినవాడు. కూర కలుపుచు ఆత్మను గూర్చి మాటలాడును. ఈ ఘట్టములు చదివిన నవ్వు ఆగదు. ఆగిన పిమ్మట నొక చేదు మిగులును. ఆకలిగొన్నవానిని కట్టివేసి అన్నము చూపుట సామ్రాజ్యము తన ప్రజలకు చేసినదంతయు గాదా? హాషెక్ ఈ మాట యెచ్చటను ఉపన్యసింపడు. కూర కుండను, కట్టిన త్రాటిని మాత్రము చూపును. హార్‌గ్రోవ్ నవ్వు శిబిరమును మనకు ప్రియము చేయును. హాషెక్ నవ్వు శిబిరపు పునాదిని కదలించును. రెండును కావలసినవే. కాని రెండవది కష్టతరము.

ఇక మన యింటికి వత్తము. తెలుగున యోధుడు వంటశాలలో నుండుట క్రొత్తది కాదు. తిక్కన తన మహాభారత రచనను విరాటపర్వముతోనే యారంభించెను. అందు భీముడు గరిటె చేబూని విరాటుని కొలువునకు వచ్చి వలలుడను పేర వంటవాడై చేరును. ఈ దేహము, ఈ తేజము వంటవానివి కావని రాజు సందేహించును. పటాలపు హాస్యమున కంతకును బీజము ఆ సందేహమే. ఈ పని యిట్టివానిది కాదను భావము. ద్రౌపది నడిరేయి వంటశాలకే వచ్చి వలలుని లేపి తన మొఱ చెప్పుకొనును. కీచకుని చావునకు పథకము పొయ్యిల ప్రక్కనే సిద్ధమయ్యెను. ఏడాది తీఱగానే భీముడు గరిటె దింపి గద యెత్తెను. అతని చేతివంటకు మాత్రము పేరు శాశ్వతముగా నిలిచినది. నేటికిని వంట రుచిగా నున్నచో నలభీమపాక మందుము. ఆ యిద్దఱును పురుషులు. ఇద్దఱును రాజవంశీయులు. ఇద్దఱును కష్టకాలమున మాఱువేషమున వండినవారు. మన భాషలో ఉత్తమమైన వంటకు పేరు పెట్టవలసివచ్చినపుడు, ప్రతిదినము వండిన కోట్లకొలది స్త్రీలలో నొక్కతె పేరును మనకు దొరకలేదు! దిగివచ్చి వండినవానికి కీర్తి, అచ్చటనే నిలిచి వండినదానికి పొగ.

ఆధునిక కాలమున ఈ గీతను గమనించిన మహారచయిత గురజాడ అప్పారావు. నాటి విశాఖపట్టణము జిల్లాలోని విజయనగరమున 1892లో తొలుత ఆడబడి, 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కము’లో పూటకూళ్ళమ్మ పాత్ర కలదు. విధవరాలు. అన్నము వండి పెట్టి దినములు గడుపుకొనుచున్నది. గిరీశము ఆమె యన్నము తినును, సరుకుల కొఱకు ఆమె యిచ్చిన రూకలు మధురవాణి కర్పించును. ఆమె చీపురు పట్టుకొని మధురవాణి యింటికి వచ్చుటయు, గిరీశము మంచము క్రింద దూరుటయు, ఆ చీపురుదెబ్బ మంచము క్రింద మునుపే చేరిన రామప్పపంతులునకు తగులుటయు నెఱుగని తెలుగువాడుండడు. చవుకబారు ప్రహసనకారుని చేతిలో నైనచో వండుకొని బ్రతుకు విధవరాలే నవ్వులపాలై యుండును. గురజాడ చేతిలో నవ్వు మంచము క్రిందికి పోయినది. ఇంగిలీషు మాటలాడు నోరు ఎవరి పొయ్యి వలన నిండుచున్నదో ఆయన మఱవలేదు. వంటయింటి చీపురునకు న్యాయదండపు గౌరవ మిచ్చెను.

పటాలము తుపాకులతో నడచునది మాత్రమే కాదు. సంఘసంస్కరణమును ఒక యుద్ధమే. దానికిని వంటశాల కావలసివచ్చినది. 1876లో ‘హాస్యసంజీవని’ని వెలువరించి నవ్వును సంస్కరణమునకు ఆయుధముగా చేసిన వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము చేయించిరి. అప్పుడు బహిష్కారమునకు వెఱచి వంటవారు రాలేదు, నీళ్ళు తెచ్చువారు రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరి నీరు మోసి తెచ్చి, వచ్చినవారికి వండి పెట్టిరి. ఆ యుద్ధపు లంగరును నడపినది ఆమె. పంతులుగారి ప్రహసనములను చదివి మనము నవ్వుదుము. ఆ నవ్వు నిలిచిన నేల ఆమె మోసిన కడవలచే తడిసినదని తలచువారు కొలదిమంది. హాస్యము ఎంత గొప్పదైనను, దాని ప్రక్కన నెవరో అంట్లు తోముచుందురు.

మరల యుద్ధకాలపు విశాఖకు వత్తము. పటాలపు వంటశాలను గూర్చిన నవ్వులో నాకు కొఱతగా తోచునది ఆకలి. దుంపల కొండ ముందు కూర్చున్న సిపాయి కథ చెప్పునపుడు, ఆ కొండ పటాలపు కంచె లోపల నున్నదని చెప్పరు. 1942 మార్చిలో రంగూను పడిపోయెను. బర్మా బియ్యము రాక నిలిచిపోయెను. ఆ దేశపు రేవులలో, మిల్లులలో కూలి చేసికొని బ్రతికిన తెలుగువా రనేకులు అడవులదారి నడచి తిరిగివచ్చిరి. దారిలో మరణించినవారు మరణింపగా, మిగిలినవారు ఈ తీరపు పల్లెలు చేరిరి. 1943లో వంగదేశమున కఱవు లక్షలకొలది ప్రాణములను కబళించెను. కంచె లోపల ‘ఇన్ని దుంపలు చెక్కలేక చచ్చితిమి’ అను నవ్వు. కంచె వెలుపల గంజికొఱకు చాచిన చేతులు. రెండింటిని ఒక్క పుటలో నిలుపగలిగిన హాస్యమే ఆ కాలమునకు తగిన హాస్యము. హాషెక్ తన దేశమునకు అట్టిదానిని చేసెను.

ఆ నవ్వు పటాలముననే యొకనాడు ఆగిపోయినది కూడ. 1946 ఫిబ్రవరి 18వ తేదీని బొంబాయిలో తల్వార్ అను నౌకాదళ శిక్షణకేంద్రమున నావికులు, ఈ తిండి తినజాలము, తిండి లేనిదే పని లేదని నిలిచిరి. ఆ యగ్గి కరాచీకి, మఱి యనేక రేవులకు ప్రాకినది. విశాఖపట్టణపు నావికులును అందు చేరిరి. మంచి తిండి యడుగుటతో మొదలైనది, సమాన గౌరవమును, ఆజాద్ హింద్ ఫౌజు బందీల విడుదలయు నడుగుట వఱకు పోయెను. 23వ తేదీని సమ్మె ముగిసినను, పరప్రభుత్వము తన నావికులను ఇక నమ్మలేని స్థితి వచ్చెను. చెడిన పప్పును గూర్చి, మాడిన రొట్టెను గూర్చి హాస్యము లాడుకొన్నవారే యొక యుదయమున హాస్యము మాని కంచము త్రోసివేసిరి. మెస్సును గూర్చిన నవ్వు ఏండ్లకొలది ఓర్పునకు ఊతయై, ఓర్పు తీఱిన దినమున తిరుగుబాటునకు భాషయైనది. కావున ఇది అల్పవిషయమని యెవరును త్రోసివేయరాదు. అన్నమును గూర్చిన నవ్వు అన్నమంత గంభీరమైనది.

ఇచ్చట నొక యాక్షేపణ వచ్చును. “నవ్వుకొనుటకు చెప్పిన మాటను త్రాసులో పెట్టి తూచినచో నవ్వు చచ్చిపోదా? దుంపలు చెక్కుచు అలసినవాడు ఒక మాట అని నవ్వుకొన్నాడు. దానిలో కులమును, స్త్రీజాతిని, సామ్రాజ్యమును వెదకవలెనా?” అని. ఈ యాక్షేపణలో సత్యము లేకపోలేదు. అలసినవాని నవ్వును నేను తప్పుపట్టను. చావు ఎదుట నున్నవాడు దుంపను చూచి నవ్వగలుగుట మనుష్యుని గొప్పతనములలో నొకటి. నేను తూచుచున్నది అతని నవ్వును కాదు. దానిని ఇంటికి తెచ్చి, అచ్చువేసి, అమ్మి, మరల మరల నవ్వించువారి పనిని. సిపాయి నవ్వు ప్రాణరక్షణకు. రచయిత నవ్వు సంఘము చేతికి ఇచ్చు వస్తువు. వస్తువును తూచి కొనుట గృహస్థుని ధర్మము.

ఈ తూనిక తెలియకపోవుటచే మన హాస్యకథలలో నొక మూస యేర్పడినది. భార్య పుట్టినింటికి పోయినది. భర్త వంటకు దిగినాడు. అన్నము మాడినది, పప్పులో ఉప్పు రెండుమాఱులు పడినది, వేలు తెగినది, పొగచే కండ్లు ఎఱ్ఱబడినవి. భార్య తిరిగివచ్చి చూచి నవ్వినది. కథ కంచికి. చదువునపుడు మనమును నవ్వుదుము. కాని చివఱి పుట పిదప పొయ్యి యెవరు వెలిగించిరి? అన్నము మాడుట వలన తేలిన సిద్ధాంతము, వంట పురుషునికి రాదు గనుక స్త్రీయే చేయవలెననునది. అతని చేతగానితనము అతనికి సెలవుపత్రమైనది! పటాలమున ఇట్లు జరుగదు. అన్నము మాడ్చినవానికి సెలవు దొరకదు. మఱునాడు మరల పొయ్యి యెదుట నిలువబెట్టుదురు. వచ్చువఱకు నేర్పుదురు. వారము తిరుగకమునుపే వంట వచ్చును. ఇంటి హాస్యము దాచినదానిని పటాలపు హాస్యము బయటపెట్టినది. వంటపని జన్మతో రాదు, అభ్యాసముతో వచ్చును. ఎవరికైనను వచ్చును.

కాని విషాదమేమన, ఈ పాఠము నేర్చినవారు ఇంటి గుమ్మమువద్ద దానిని బూట్లతో పాటు విడిచిరి. వందమందికి ఎసరు పెట్టి, గుండిగ వార్చి, గిన్నెలు అద్దమువలె తోమినవాడు ఇంటికి వచ్చి, నలుగురి అంట్లు తోముట తన మగతనమునకు కొఱతయని భావించెను. అచ్చట ఆజ్ఞ యిచ్చుటకు హవల్దారుండెను. ఇచ్చట అడుగుటకు ఆమెకు అధికారము లేకుండెను. పటాలపు కథలు పిల్లలకు చెప్పి నవ్వించునపుడు, వంటయింటిలో ఆమెయు ఆ కథలు వినుచు గిన్నెలు తోముచునే యుండెను. ఆమె నవ్వినదా యని మన హాస్యకథకులలో నెందఱు వ్రాసిరి?

స్త్రీని అవమానింపరాదని తలచిన మఱికొందఱు ఆమెను దేవతను చేయుదురు. 1909లో పరమపదించిన డొక్కా సీతమ్మగారు గోదావరీ లంకలలో వేళగాని వేళ వచ్చినవారికి అన్నము పెట్టి చిరస్మరణీయురాలయ్యెను. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజనమునకు ఆమె పేరు పెట్టెను. తగిన గౌరవమే. అయినను అన్నపూర్ణ యని మ్రొక్కుటతో మన ఋణము తీఱదు. దేవతకు జీతము అక్కఱలేదు, సెలవు అక్కఱలేదు, నడుము నొప్పి యుండదు. వండు స్త్రీని చూచి నవ్వకుండుటయు, మ్రొక్కకుండుటయు నేర్చుకొని, ఆమె ప్రక్కన కత్తిపీట వేసికొని కూర్చుండుటయే నిజమైన గౌరవము.

నేటి విశాఖ తూర్పు నౌకాదళమునకు ముఖ్యస్థానము. రేవు ప్రక్కన ఉక్కు కర్మాగారము వెలసినది. వేలమందికి ఒక్కచోట వండు పెద్ద వంటశాలలు ఈ యూరికి నిత్యదృశ్యములు. 2022లో భారత నౌకాదళము స్త్రీలను నావికులుగా చేర్చుకొన నారంభించినది. వారి మొదటి జట్టు 2023 మార్చిలో చిల్కాలో శిక్షణము ముగించుకొన్నది. ఇక పటాలపు వంటశాలను గూర్చిన హాస్యమునకు క్రొత్త పరీక్ష వచ్చినది. దుంపలు చెక్కు వరుసలో స్త్రీపురుషులిద్దఱును కూర్చున్నపుడు, పురుషుని చేతిలోని దుంప నవ్వు పుట్టించి స్త్రీ చేతిలోని దుంప పుట్టింపనిచో, మనము ఇంకను పాత నవ్వే నవ్వుచున్నామని యర్థము. ఇద్దఱును కలిసి హవల్దారును చూచి నవ్వినచో, తెలుగు హాస్యము ఒక మెట్టు ఎక్కినదని యర్థము.

హాస్యరచయితలకు నేను చెప్పదలచిన దింతియే. దుంపలను వదలవలదు, గుండిగలను వదలవలదు, మాడిన అన్నమును వదలవలదు. వానిలో నవ్వు గని యున్నది. కాని నవ్వి ముగించుటకు ముందు ఒక్కమాఱు వెనుదిరిగి, ఈ గిన్నెలు మీ యింట నెవరు తోముచున్నారో చూచి రండు. చూచి వచ్చిన పిదపను ఆ హాస్యము మీకు నవ్వు తెప్పించినచో, దానిని అచ్చునకు పంపుడు.